‘ఆ పతకాలు మా వారివి కావండీ, నావే’

కోస్తాలోని ఒక పట్టణం నుంచి ఒకావిడ రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. మొత్తం అచ్చువేసే చోటు లేదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడ వయసు 44. డిగ్రీలో ఎన్‌సీసీ, తర్వాత సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ. 2003లో అధికారిగా కమిషన్ అందుకుని, సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో 14 ఏళ్ళు పనిచేసి, 2017లో లెఫ్టినెంట్ కల్నల్‌గా బయటికొచ్చారు. షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే గడువు పెట్టి ఇచ్చే ఉద్యోగం, కాబట్టి పెన్షన్ లేదు. భర్త బ్యాంకు అధికారి. 2008లో పెళ్ళి, మరుసటేడు పాప. పాపకు రెండేళ్ళప్పుడు లద్దాఖ్‌లోని లేహ్‌కు పోస్టింగ్ వచ్చింది. ఆవిడ తిరిగొచ్చేదాకా పిల్లను పెంచింది అత్తగారే. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం.

మొన్న జులై 26న వాళ్ళ పట్టణంలో కార్గిల్ విజయ్ దివస్ సభ జరిగింది. మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులో కబురొస్తే ఆవిడా వెళ్ళారు. నేత చీర కట్టుకుని, ఎడమవైపు తన పతకాలు పెట్టుకున్నారు: సైన్య సేవా పతకం, హై ఆల్టిట్యూడ్ పతకం, తొమ్మిదేళ్ళ దీర్ఘకాల సేవా పతకం. గుమ్మంలోనే ఒక వాలంటీరు కుర్రాడు చేతులు జోడించి, ‘మేడమ్, సార్ మెడల్స్ అయితే కుడివైపు పెట్టుకోవాలండీ’ అన్నాడు. ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వీరనారుల వరుసలో, అంటే అమరులైన జవాన్ల భార్యల వరుసలో కూర్చోబెట్టింది. పక్క కుర్చీలో ముప్పై ఏళ్ళు నిండని ఒక అమ్మాయి, నిజంగానే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి, ఒళ్ళో బాబుతో. ‘నేను ఈ వరుసలోదాన్ని కాదని అక్కడ గట్టిగా అంటే ఆ పిల్ల మనసు ఎంత నొచ్చుకునేదో! నోరు రాలేదు’ అని రాశారు. వేదిక మీద ఆవిడ పేరు చదివారు, ‘అమర జవాను సతీమణి’ అన్నారు, శాలువా కప్పారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో పడింది.

ఆ ఫొటో చూసి బంధువులు కంగారుగా ఫోన్లు చేశారు, ‘అబ్బాయికి ఏమైంది?’ అంటూ. అత్తగారు కుప్పకూలిపోయారు. కొడుక్కి దిష్టి తీశారు, శివాలయంలో అభిషేకం చేయించారు. ఆ తర్వాత కోడలి మీద విరుచుకుపడ్డారు: ‘నా కొడుకు నిక్షేపంలా ఉండగా ఆ వరుసలో ఎలా కూర్చున్నావు? ఆ బిళ్ళలు ఇంక నా కంటపడకూడదు.’ షోకేసులో ఉన్న పతకాలు బీరువాలో చీరల కిందికి వెళ్ళాయి. భర్త ఒక్క మాట అన్నారు: ‘అమ్మ పెద్దది. కొన్నాళ్ళు లోపల పెట్టెయ్. ఊరకున్నంత ఉత్తమం లేదు.’

ఉత్తరంలో ఇంకా ఉంది. అపార్ట్‌మెంట్లో అందరూ భర్తనే ‘కల్నల్ గారూ’ అంటారు. మొదట్లో ఆయన కాదని చెప్పేవారు, ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో కార్డు ఆవిడది, ఆయన ఆవిడ కుటుంబ సభ్యుడు. అయినా కౌంటర్లో ‘మీ సర్వీస్ నంబరు సార్’ అని ఆయన్నే అడుగుతారు. ఆవిడ చెప్పాక కూడా ‘ఏ యూనిట్ సార్’ అని మళ్ళీ ఆయన వైపే తిరుగుతారు. మరిది పండగపూట అందరి ముందూ ‘వదిన మిలిటరీలో కిరాణా కొట్టు చూసింది’ అంటాడు, అందరూ నవ్వుతారు. కూతురు సైనికాధికారి కావడానికి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తానంటోంది. నానమ్మ ‘ఒకరు వెళ్ళొచ్చింది చాలు’ అంటోంది. ఇప్పుడు ఆవిడ పుట్టిన ఊరి సర్పంచి, జనవరి 14న ఊళ్ళోని మాజీ సైనికులందరినీ సన్మానిస్తున్నాం, మీరూ రావాలని ఫోన్ చేశారు.

‘వెళ్ళనా? పతకాలు పెట్టుకోనా? తలుపు మీద నా పేరు ర్యాంకుతో రాయించుకుంటే గొప్పలకు పోయినట్టా? అసలు గుర్తింపు కావాలనుకోవడమే నా తప్పా?’ ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

కల్నల్ గారూ,

ఉత్తరం చివర సంతకం చోట మీరు ‘ఒక గృహిణి’ అని రాసుకున్నారు. నేను మాత్రం మిమ్మల్ని మీరు సంపాదించుకున్న పేరుతోనే పిలుస్తాను.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. గుర్తింపు కోరుకోవడం తప్పు కాదు. చేసిన పనిని ‘అది నేనే చేశాను’ అని పదిమందికీ విడమరిచి చెప్పుకోవాల్సి రావడం మీకు ఎబ్బెట్టుగా ఉంది. మీతోపాటు పనిచేసిన మగ అధికారులకు ఆ అవసరం రాదు. వాళ్ళు సభకు వెళితే ‘ఏ రెజిమెంట్ సార్?’ అంటారు. మీరు వెళితే ‘సార్ ఏ రెజిమెంట్?’ అంటారు. ఆ తేడా మీరు పుట్టించింది కాదు. దాన్ని మోయలేక మీరు అలిసిపోతే అది అహంకారం అనిపించుకోదు.

మీ ఉత్తరం మళ్ళీ చదివాను. సభ గురించి ఒక పేజీ రాశారు, అందులో ఆ వాలంటీరు కుర్రాడి మీద కోపం కూడా లేదు. ‘పాపం, మర్యాదగానే చెప్పాడు’ అన్నారు. మీ వారి నవ్వు గురించి మాత్రం మూడు చోట్ల రాశారు: లిఫ్టులో నవ్వారు, పాలీక్లినిక్‌లో నవ్వారు, తమ్ముడు కిరాణా కొట్టు అన్నప్పుడు కూడా నవ్వారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పొరబడితే మీకు చిరాకు కలుగుతోంది. తెలిసిన మనిషి పక్కనే ఉండి దిద్దకపోతే మనసు చివుక్కుమంటోంది. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి మోస్తున్నారు కాబట్టే అది అంత బరువుగా ఉంది. విడదీసి చూద్దాం.

మొదట మీ వారి సంగతి. ఆయన చెడ్డవారని మీరెక్కడా అనలేదు, నాకూ అనిపించలేదు. మొదట్లో ‘నేను కాదండీ, మా ఆవిడ’ అని చెప్పేవారని మీరే రాశారు. మరి ఎందుకు మానేశారు? అలా చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు ఏమన్నారో ఎప్పుడైనా అడిగారా? ‘ఓహో, ఇంట్లో ఆర్డర్లన్నీ మేడమ్‌వేనన్నమాట’, ‘మీకూ పరేడ్ ఉంటుందా సార్?’ లాంటి పరాచికాలు మన మగవాళ్ళ మధ్య ఎంత తేలిగ్గా పుడతాయో మీకు తెలుసు. మీరు లేహ్‌లో ఉన్నప్పుడు బ్యాంకులో ఆయన్ని ఎవరు ఏమన్నారో మీకు చెప్పి ఉండకపోవచ్చు. ఒక నవ్వుతో గండం గడుస్తుందని ఆయన నేర్చుకున్నారేమో. కారణం ఏదైనా సరే, ఆ నవ్వు మీకేం చేస్తోందో ఆయనకు తెలియాలి. ఇన్నాళ్ళూ మీరు దాన్ని మీ కడుపులోనే పెట్టుకున్నారు, ఆయనకు చెప్పకుండా నాకు రాశారు.

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఒకటి, ఇద్దరే ఉన్నప్పుడు కూర్చుని చెప్పడం. ‘మీరు నన్ను గౌరవించడం లేదు’ అని మొదలుపెడితే వాదన అవుతుంది. ‘ఎవరైనా కల్నల్ గారూ అంటే, మా ఆవిడండీ అనండి, నాకు అది చాలు’ అని ఫలానా పని అడిగితే చేసే వీలుంటుంది. కొన్నాళ్ళు ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది. అందరికీ అతిగా చెప్పి మిమ్మల్నే సిగ్గుపడేలా కూడా చేయవచ్చు. దాన్ని ఓర్చుకోవాలి. రెండో దారి, అక్కడికక్కడే మీరే దిద్దేయడం. లిఫ్టులో ‘కల్నల్ని నేనండీ, ఆయన బ్యాంకులో చేస్తారు’ అనేస్తే అపార్ట్‌మెంట్ వరకు నెల తిరక్కుండా సమస్య తీరుతుంది. కానీ ముందుగా చెప్పకుండా చేస్తే నలుగురి ముందు ఆయన చిన్నబోతారు, ఆ రాత్రి ఇంట్లో మాటలుండవు. అందుకని ఈ దారి ఎంచుకున్నా మొదటిది అయ్యాకే. మూడోది, ఇప్పటిలాగే వదిలేయడం. చాలామంది అలాగే బతుకుతున్నారు, మీరూ బతకగలరు. అయితే మీ అమ్మాయి ఆ లిఫ్టులోనే ఉంటుంది.

మరిది విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. అతనికి జవాబు చెప్పాల్సింది అన్నగారు. మీ వారితో మాట్లాడేటప్పుడు ఆ మాట కూడా అనండి.

అత్తగారి సంగతి వేరు. ఆవిడకు మీ ఉద్యోగమంటే చిన్నచూపని మీరనుకుంటున్నారు. నాకు అక్కడ చిన్నచూపు కంటే భయం ఎక్కువ కనిపిస్తోంది. కోడలి ఫొటో కింద ‘అమర జవాను భార్య’ అన్న అక్షరాలు చూసిన తల్లి ఆవిడ. అలాంటి మాట పరాచికానికి కూడా పలకనివ్వని తరం. ఆ క్షణంలో పతకాలకూ కొడుకు ఆయుష్షుకూ ఆవిడ మనసులో ముడి పడిపోయింది. ‘అదంతా మూఢనమ్మకం అత్తయ్యా’ అంటే ఆ ముడి ఇంకా బిగుసుకుంటుంది.

పేపరువాళ్ళకు, సభ జరిపినవాళ్ళకు మీరు ఇంతవరకు ఏమీ రాయలేదు. రాయమనే నా సలహా. సభలో ఆ చిన్నమ్మాయి పక్కన కూర్చుని మీరు నోరెత్తకపోవడం పెద్దమనసు, దాని గురించి నొచ్చుకోకండి. కానీ తర్వాత ఉత్తరం రాస్తే ఏ వీరనారికీ నొప్పి కలగదు. ‘ఫొటోలో ఉన్నావిడ స్వయంగా సైన్యంలో పనిచేసిన విశ్రాంత అధికారి, ఆమె భర్త క్షేమంగా ఉన్నారు’ అని రెండు వాక్యాల సవరణ అడగండి. నెలలు గడిచాయి కాబట్టి వెయ్యకపోవచ్చు, ఏ మూలో వెయ్యవచ్చు. వేస్తే, ఆ కాగితం ముక్క మీకంటే మీ అత్తగారికి ఎక్కువ ఊరటనిస్తుంది. ఏ అచ్చులో అశుభం చూశారో ఆ అచ్చులోనే కొడుకు క్షేమం చూస్తారు. ఆ రోజు ఫోన్లు చేసిన బంధువులకు మాత్రం మీ వారే తిరిగి చేయాలి. ‘నాకేం కాలేదు, ఆ పతకాలు మా ఆవిడవి’ అని ఆయన నోటి నుంచే రావాలి. మీరు చేస్తే సంజాయిషీ అవుతుంది.

అత్తగారి గురించి ఇంకొకటి. మీరు లేహ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ పసిపిల్లకు జ్వరాలు, నిద్రలేని రాత్రులు, ‘అమ్మ ఎప్పుడొస్తుంది?’ అన్న ప్రశ్నలు అన్నీ ఆవిడే చూసుకున్నారు. దానికి ఎవరైనా శాలువా కప్పారా? మీ ఉత్తరంలో కూడా అది ఒక్క వాక్యమే. తప్పు పట్టడానికి అనడం లేదు. ‘ఒకరు వెళ్ళొచ్చింది చాలు’ అన్న మాటలో ఆవిడ తన అలసటను కూడా చెబుతున్నారేమో చూడండి. ‘మీరు పాపను చూసుకోబట్టే నేను ఆ ఉద్యోగం చేయగలిగాను’ అని మీరు ఎప్పుడైనా ఆవిడతో నేరుగా అని ఉంటే సరే, లేకపోతే ఈ పండగకు ముందే అనండి. దాంతో ఆవిడ పతకాలను మళ్ళీ షోకేసులో పెట్టిస్తారని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ ఇద్దరి మధ్యా ఉన్న బాకీ ఒకటి తీరుతుంది.

ఇక వీధి. గుమ్మంలో ఆ కుర్రాడు ఎందుకు పొరబడ్డాడో ఆలోచిస్తే మీ మనసు కొంత తేలికపడుతుంది. మన దగ్గర పతకాలు పెట్టుకున్న ఆడమనిషి అంటే అతను ఇంతవరకూ చూసింది జవాన్ల భార్యలనే. తమ పతకాలు ఎడమవైపు, కన్నుమూసిన మనిషి పతకాలు కుటుంబంవాళ్ళు కుడివైపు పెట్టుకోవడం ఆనవాయితీ అని అతనికి తెలుసు. ఆ మేరకు శ్రద్ధగల పిల్లవాడే. ఎడమవైపు ఉన్నాయంటే అవి మీవేనేమో అన్న ఊహ మాత్రం అతనికి రాలేదు. ఎలా వస్తుంది? వైద్యులు, నర్సులు కాకుండా మిగతా విభాగాల్లోకి స్త్రీలను అధికారులుగా తీసుకోవడం సైన్యం మొదలుపెట్టిందే 1992లో. మొదటి జట్టు పాతికమంది చెన్నై అకాడమీ నుంచి 1993 మార్చిలో బయటికొచ్చారు. అప్పట్లో గడువు ఐదేళ్ళే, తర్వాత పెంచుకుంటూ 14కి తెచ్చారు. జవాన్ల స్థాయిలో అయితే మిలిటరీ పోలీసు విభాగంలో మొదటి 83 మంది అమ్మాయిలు బెంగళూరులో శిక్షణ ముగించింది 2021 మే 8న. అంటే మొన్నమొన్ననే.

మగవాళ్ళ సంగతి చూడండి. పశ్చిమగోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి తాత, తండ్రి, కొడుకు వరసగా వెళ్ళిన ఊరు. అలాంటి చోట సైనికుడంటే ఎవరో చిన్నపిల్లలక్కూడా తెలుసు. సెలవుకు వచ్చినప్పుడు చూస్తారు, రిటైరయ్యాక రచ్చబండ మీద చూస్తారు, నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే క్యూలో చూస్తారు. మీరు ఏ ఊరి నుంచీ గుంపుగా వెళ్ళలేదు, ఒక్కరే వెళ్ళారు. ముప్పై ఆరేళ్ళకే బయటికి వచ్చేశారు. పెన్షన్ లేదు కాబట్టి ఆ క్యూలో మీరు ఉండరు. వచ్చి చేరింది అత్తవారి ఊరు, అక్కడ మీ చిన్నతనం ఎరిగినవాళ్ళు లేరు. యూనిఫాం మడిచి చీర కట్టుకున్నాక మీరు సైన్యంలో ఉన్నారనడానికి పైకి కనిపించే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. 2025 మే 7న కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ టీవీలో ఆపరేషన్ సిందూర్ వివరాలు చెబుతుంటే దేశమంతా చూసి గర్వపడింది. మీ పట్టణం కూడా చూసే ఉంటుంది. అయినా జులైలో మీరు చీరలో ఎదురొస్తే పోల్చుకోలేకపోయింది. వాయుసేనలో ఎయిర్ మార్షల్ స్థాయికి ఎదిగిన మొదటి మహిళ పద్మావతి బందోపాధ్యాయ్ పుట్టింది మన తిరుపతిలో. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఇది తెలుసుకున్నంత మాత్రాన కౌంటర్లో మీకు జరిగేది న్యాయం అయిపోదు. ఆఫీసుల్లో మొహమాటపడకండి. అక్కడ మీరు అడిగేది సన్మానం కాదు, కార్డుదారుగా మీ పని. సర్వీస్ నంబరు అడిగే సమయానికి కౌంటరు ముందు మీరుండండి, మీ వారు కుర్చీలో కూర్చోనివ్వండి. మళ్ళీ ఆయన్నే పిలిస్తే ‘కార్డు నాది, ప్రశ్నలు నన్ను అడగండి’ అనండి. పనిచేసిన రోజుల్లో మీకింద ఉన్నవాళ్ళతో మాట్లాడిన గొంతే వాడండి, అది మీకు ఇంకా గుర్తుంటుంది. ఎప్పుడూ ఇదే జరుగుతుంటే పాలీక్లినిక్ ఆఫీసర్-ఇన్-ఛార్జికి ఒక కాగితం రాసివ్వండి. అక్కడ సాధారణంగా మాజీ సైనికాధికారులే ఉంటారు, మీ మాట అర్థమవుతుంది. సభలు జరిపేవాళ్ళకు కూడా సులువైన ఉపాయం చెప్పవచ్చు. వచ్చిన ప్రతివారినీ, ఆడా మగా తేడా లేకుండా, ‘మీరు సర్వీసు చేశారా, కుటుంబ సభ్యులా?’ అని అడిగి రాసుకుంటే చాలు. అక్కడికి అమరుల తండ్రులూ వస్తారు, పతకాలు పెట్టుకున్న తమ్ముళ్ళూ వస్తారు.

కిరాణా కొట్టు మాట మిమ్మల్ని ఇంకో రకంగా బాధపెడుతోంది. ‘నేనెప్పుడూ తుపాకీ పేల్చి శత్రువుని ఎదుర్కోలేదు. మరి అందరితో సమానంగా నిలబడే అర్హత నాకుందా అనిపిస్తుంది’ అని రాశారు. లేహ్‌లో మీరు చూసిన పనేమిటో ఒకసారి మీరే గుర్తుచేసుకోండి. మీరున్న రోజుల్లో చలికాలంలో అటు శ్రీనగర్ వైపు జోజిలా కనుమ, ఇటు మనాలీ దారి మంచుతో నెలల తరబడి మూసుకుపోయేవి. పైన కాపలాలో ఉన్నవాళ్ళు ఆ నెలలన్నీ తినే బియ్యం, పప్పు, వెచ్చబెట్టుకునే కిరోసిన్, బండ్లకు డీజిల్ అన్నీ వేసవిలోనే చేరిపోవాల్సి వచ్చేది. లెక్క తప్పితే జనవరిలో దిద్దుకునే దారి ఉండేది కాదు. ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, ఆవకాయ ఎండాకాలంలోనే సిద్ధం చేసుకునే మీ అత్తగారికి ఈ పని గురించి చెప్పి చూడండి, మీ మరిది కంటే ఆవిడకే బాగా అర్థమవుతుంది. సైన్యంలో ముందువరుస ఎంతకాలం నిలబడుతుందో నిర్ణయించేది వెనక నుంచి వచ్చే సరుకే. మీ విభాగంలోనే పనిచేసిన మగ అధికారిని ఎవరూ కిరాణా కొట్టు అనరు కదా.

జనవరి 14 సంగతి. 1953లో ఆ రోజున మన సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతి ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేశారు, అందుకే దాన్ని మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. అది సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో పడుతుంది. మీ అత్తగారికి పండగపూట కోడలు ఇంట్లో లేకపోవడం ఒక బాధ, వెళ్ళేది అలాంటి సభకే కావడం ఇంకో భయం. వెళ్ళాలా వద్దా అన్నది నేను చెప్పను. వెళ్ళదలుచుకుంటే ముందు సర్పంచితో వివరంగా మాట్లాడండి. మిమ్మల్ని ఏమని పరిచయం చేస్తారు, ఎక్కడ కూర్చోబెడతారు అని అడగండి. ర్యాంకు, విభాగం, సర్వీసు చేసిన సంవత్సరాలు మీరే ఒక కాగితం మీద రాసి పంపండి, మైకు పట్టుకున్నాయనకు అదే ఇమ్మనండి. ఊళ్ళో మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేసినవాళ్ళు ఉన్నారేమో కనుక్కోమనండి. వాళ్ళూ ర్యాంకున్న అధికారులే, కానీ ‘మిలిటరీ ఆస్పత్రిలో నర్సమ్మ’ అనేసి జాబితాలో వదిలేస్తుంటారు. మీ పక్కన ఇంకో స్త్రీ ఉంటే మీకూ ధైర్యంగా ఉంటుంది.

మీవారితో, అమ్మాయితో కలిసి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే ఇంట్లో పండగా జరుగుతుంది, సభలో పొరపాటుకు తావూ ఉండదు. భర్త పక్కనే ఉంటాడు కాబట్టి ఎవరూ తప్పు వరుస చూపించరు. అయితే అప్పుడు అందరూ ఆయన్నే కల్నల్ అనుకునే ప్రమాదం మళ్ళీ ఉంది, ఆ మాట ముందే అనుకుని వెళ్ళండి. ఒక్కరే వెళితే మీ పుట్టిన ఊరు మిమ్మల్ని మీ పేరుతోనే పిలుస్తుంది, అందులో ఒక సుఖం ఉంది. ఇంట్లో మాత్రం అలక తప్పదు. అసలు ఈ ఏడాదికి వద్దనుకుంటే, జాబితాలో పేరు ఉండేలా చూసుకుని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. అత్తగారి భయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఆగడం ఓడిపోవడం కాదు. పతకాల మాటకొస్తే, అవి పెట్టుకోకుండా వెళ్ళినా మీ సర్వీసు తగ్గదు. పెట్టుకోవాలని మీకు ఉంటే మాత్రం ఇంట్లో తెలియకుండా సంచిలో పెట్టుకుని వెళ్ళి అక్కడ పెట్టుకునే పని చేయకండి. ఫొటోలు ఎలాగూ వస్తాయి. దాచి చేశారన్న మాట జులై గొడవ కంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

నేమ్‌ప్లేటు రాయించుకోండి. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఇద్దరి పేర్లూ, మీ పేరు ముందు ర్యాంకు, పేరు తర్వాత రిటైర్డ్ అని. డాక్టర్లు, లాయర్లు రాయించుకుంటే ఎవరూ గొప్పలనుకోరు. వాచ్‌మన్‌కూ, కొరియరు కుర్రాడికీ మీరు రోజూ చెప్పే పని ఆ పలక చేస్తుంది.

అమ్మాయి గురించి జాగ్రత్తగా ఒక మాట. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి. 2022లో చేరిన మొదటి జట్టులో 17 మంది 2025 మే 30న శిక్షణ పూర్తిచేశారు. మీకు దొరకని దారి అది, కాబట్టి మీకు ఉత్సాహం ఉండటం సహజం. కానీ మీకు రాని గుర్తింపు తను తెచ్చిపెట్టాలన్న భారం ఆ పిల్ల మీద పడకూడదు. నానమ్మను ఒప్పించే పనీ తనదే, వెళ్ళాలో వద్దో తేల్చుకునే పనీ తనదే. మీరు చేయగలిగింది దాపరికం లేకుండా మీ అనుభవం చెప్పడం. లేహ్ ఆకాశంతో పాటు తనను వదిలి ఉన్న ఆ నెలలు కూడా.

చివరిగా కాగితాల సంగతి, దీన్ని మీరు ఒక్క వాక్యంతో దాటేశారు. పెన్షన్ లేదు కాబట్టి ‘నేను లెక్కలోకి వస్తానో రానో’ అన్నారు. వస్తారు. ఒప్పుకున్న గడువు పూర్తిచేసి, గ్రాట్యుటీ తీసుకుని విడుదలైనవాళ్ళు కేంద్ర నిబంధనల ప్రకారం మాజీ సైనికులే, పెన్షన్ లేకపోయినా. షార్ట్ సర్వీస్ అధికారులకు ఈసీహెచ్‌ఎస్ తెరిచింది కూడా 2019 మార్చిలో ఆ లెక్కనే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీ పేరు నమోదై ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ వారమే వెళ్ళండి. దరఖాస్తులో ‘భార్య పేరు’ అన్న గడి కనిపిస్తే అది కొట్టేసి భర్త పేరు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టండి.

పెన్షన్ మాట కష్టమైనది. అధికారులకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ళ సర్వీసు కావాలి. మిమ్మల్ని 14కే పంపేశారు. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు స్త్రీలకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యే వయసు దాకా ఉండే ఉద్యోగం, ఇవ్వాల్సిందేనన్నది, కానీ ఆ మేలు అప్పటికి సర్వీసులో ఉన్నవాళ్ళకు అందింది. మీరు మూడేళ్ళ ముందే వచ్చేశారు. 2022 నవంబరులో వాయుసేన నుంచి అప్పటికే బయటికొచ్చేసిన 32 మంది మహిళా అధికారులకు, 20 ఏళ్ళు పూర్తిచేసినట్టే లెక్కగట్టి పెన్షన్ పరిశీలించమని అదే కోర్టు చెప్పింది. వాళ్ళు ఏళ్ళ తరబడి కేసు నడిపినవాళ్ళు. మీరు అప్పట్లో కోర్టుకు వెళ్ళలేదు. సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే మామూలుగా ఆరు నెలల గడువు, ఆలస్యాన్ని మన్నించమని కారణాలు చూపి వేరుగా అడగాలి. ప్రయత్నిస్తే డబ్బు, కాలం, నిద్ర మూడూ ఖర్చవుతాయి, ఫలితం అనుమానమే. ప్రయత్నించకపోతే ‘అడిగి ఉంటే?’ అన్న ప్రశ్న ఉండిపోతుంది. మీది ఏ రకం మనసో మీకే తెలుసు. నా మటుకు నాకు, కేసు వేసినా వేయకపోయినా, సైనిక సర్వీసు కేసులు చూసే లాయర్ని ఒకసారి కలిసి సూటిగా అభిప్రాయం అడగడం మంచిదనిపిస్తుంది. వెళ్ళే ముందు తేదీల వారీగా ఒక పేజీ రాసుకోండి: కమిషన్ ఎప్పుడు, పొడిగింపులు ఎప్పుడెప్పుడు, పర్మనెంట్ కమిషన్ కోసం ఎప్పుడైనా రాసి ఇచ్చారా, ఇస్తే ఏం జవాబు వచ్చింది, విడుదల ఉత్తర్వులో ఏ కారణం రాశారు. ఆయన మొదట అడిగేవి అవే.